ఆపిల్ ఫ్రిటర్లు: డోనట్ దుకాణంలో దొరికే తరహావి ఇంట్లో రావాలంటే ఏ పద్ధతి మేలు?

ప్రశ్న: పోపులపెట్టె (మిషిగన్)

అందరికీ నమస్కారం. మేము మిషిగన్ రాష్ట్రంలో ఉంటున్నాము. సెప్టెంబరు వచ్చిందంటే ఇక్కడ ఆపిల్ తోటలకు వెళ్లి కాయలు కోసుకోవడం, సైడర్ (వడకట్టని తాజా ఆపిల్ రసం) తీసే మిల్లుల దగ్గర వేడివేడి డోనట్లు తినడం ఆనవాయితీ. ఈసారి అర బుషెల్ సంచి నిండా, అంటే సుమారు 20 పౌండ్ల కాయలు తెచ్చుకున్నాము. వాటిలో హనీక్రిస్ప్, మెకింటాష్, జోనథన్ రకాలు కలిసి ఉన్నాయి. పిల్లలు తినగా మిగిలిన కాయలతో ఆపిల్ ఫ్రిటర్లు చేయాలని ఉంది.

నా సందేహం ఏమిటంటే, డోనట్ దుకాణంలో కొనే ఫ్రిటర్ అరచేయంత వెడల్పుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది. అంచులు కరకరలాడుతాయి, తుంచితే లోపలి భాగం మెత్తగా సాగుతుంది, దాల్చినచెక్క చారలు అక్కడక్కడా కనిపిస్తాయి. ఇంటి వంటకాలుగా నాకు దొరికిన వాటిలో మాత్రం చాలామటుకు మైదాలో బేకింగ్ పౌడరు, గుడ్డు, పాలు కలిపి, పచ్చి ఆపిల్ ముక్కలు వేసి, చెంచాతో నూనెలో వదలమని ఉంది. అవీ రుచిగానే ఉంటాయి గాని, లోపల కేకు మాదిరిగా పొడిపొడిగా విరుగుతాయి, అంచులు పది నిమిషాలకే మెత్తబడిపోతాయి.

ఈ తేడా కేవలం ఈస్ట్ వల్ల వస్తున్నదా, లేక చేసే తీరులోనే ఇంకేదైనా ఉందా? ఆపిల్‌ను పచ్చిగా వేయాలా, ముందుగా ఉడికించాలా? నా దగ్గరున్న మూడు రకాలలో దేనిని వాడితే మంచిది? మాది కాయిల్ ఉన్న ఎలక్ట్రిక్ పొయ్యి కావడం వల్ల నూనె వేడి ఒక పట్టాన నిలకడగా ఉండదు. పైన రంగు తిరిగిపోతున్నా లోపల జిగటగా ఉండిపోకుండా ఏం చేయాలో కూడా చెప్పగలరు.


జవాబు 1: అట్లకాడ

పోపులపెట్టె గారూ, మీరు గమనించిన తేడా నిజమే. రెండింటినీ ఫ్రిటర్ అనే అంటారు గాని పిండి వేరు, అందులో ఆపిల్‌ను చేర్చే తీరు వేరు. దుకాణంలో వాడేది ఈస్ట్‌తో పొంగించిన డోనట్ పిండి. చాలా దుకాణాలలో గుండ్రటి డోనట్లు కోయగా మిగిలిన పిండి తునకలను పారవేయకుండా, వాటికి ఉడికించిన ఆపిల్, దాల్చినచెక్క పొడి చేర్చి, బల్ల మీదే తరిగి, మళ్లీ ముద్దగా కూర్చి వేయిస్తారు. అసలు కిటుకంతా ఆ తరగడంలోనే ఉంది. తరిగిన ముక్కలు ఒకదానికొకటి పూర్తిగా అతుక్కోవు కనుక మధ్యలో సందులు మిగులుతాయి, ఆ సందులలోకి వేడి నూనె చేరి అంచులను కరకరలాడిస్తుంది, ఆ తరువాత పోసే గ్లేజ్ (పంచదార పూత) కూడా అక్కడే నిలుస్తుంది. జారు పిండితో ఎంత శ్రద్ధగా చేసినా ఆ సందులు రావు. అందుచేత మీరు కోరుకునే తరహా రావాలంటే ఈస్ట్ ఒక్కటే చాలదు, పిండిని ముక్కలు చేసి తిరిగి కూర్చడం కూడా తప్పనిసరి.

ముందుగా ఆపిల్ సంగతి చూద్దాము. ఆపిల్ బరువులో సుమారు 85 శాతం నీరే. పచ్చి ముక్కలను పిండిలో కలిపితే, పంచదార తగలగానే నీరు ఊరడం మొదలవుతుంది. ఆ నీటి వల్ల ముక్క చుట్టూ ఉన్న పిండి తడిసి, ఎంతసేపు వేయించినా అక్కడ జిగట పోదు. మీరు చెప్పిన జిగటకు సగం కారణం నూనె అయితే మిగిలిన సగం ఇదే. కాబట్టి ఈస్ట్ ఫ్రిటర్లలో ఆపిల్‌ను ముందుగా ఉడికించి నీరు ఇగిర్చడమే మంచిదని నా అభిప్రాయం. మీ దగ్గరున్న వాటిలో మెకింటాష్‌ను దీనికి వాడకండి. అది వేడి తగలగానే కరిగి గుజ్జయిపోతుంది, దానితో ఆపిల్ సాస్ చేసుకోవచ్చు. హనీక్రిస్ప్ ముక్క విరగకుండా నిలుస్తుంది గాని రసం ఎక్కువ. మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు 1991లో విడుదల చేసిన ఈ రకంలో కణాలు మామూలు ఆపిళ్లలో కన్నా పెద్దవి, కొరకగానే రసం చిమ్మేది అందువల్లే. దానిని ఇగర్చడానికి ఇంకో నాలుగైదు నిమిషాలు ఎక్కువ పడుతుంది. జోనథన్‌లో పులుపు ఉంటుంది, తీపి గ్లేజ్ పడే వంటకానికి ఆ పులుపు అవసరం. సగం జోనథన్, సగం హనీక్రిస్ప్ కలిపి వాడితే బాగుంటుంది. అక్టోబరు రెండో సగంలో మళ్లీ తోటకు వెళ్లేటట్లయితే నార్తర్న్ స్పై దొరుకుతుందేమో అడగండి. ఆ రకం పులుపు, గట్టిదనం రెండూ ఉన్న కాయ. ఏదీ దొరకని కాలంలో గ్రానీ స్మిత్ అనే ఆకుపచ్చ ఆపిల్ ఎలాగూ ఉంటుంది.

చెక్కు తీసిన ముక్కలు 450 గ్రాములు ఉండేటట్లు కాయలు తీసుకుని, సెంటీమీటరు ముక్కలుగా కోయండి. వెడల్పాటి పెనంలో 15 గ్రాముల వెన్న వేడి చేసి, ముక్కలు, 50 గ్రాముల పంచదార, ఒక చెంచా నిమ్మరసం, చిటికెడు ఉప్పు వేసి, మూత పెట్టకుండా మధ్య సెగ మీద ఉడికించండి. మొదట ముక్కల నుంచి నీరు ఊరి పెనం నిండుతుంది, క్రమంగా అది చిక్కబడి ముక్కలకు పట్టుకుంటుంది. గరిటెతో పెనం మధ్యలో గీత గీస్తే ఆ గీతలోకి రసం పారకుండా ఉండాలి, ముక్క మాత్రం వేలితో నొక్కితే కొంచెం ఎదురు తిరగాలి. ఆ దశలో దించి, పళ్లెంలో పరిచి, పూర్తిగా చల్లారనివ్వండి. వేడిగా ఉండగానే పిండిలో కలిపితే వెన్న కరిగి పిండి చేతికి అంటుకుపోతుంది.

పిండికి 400 గ్రాముల బ్రెడ్ ఫ్లోర్ లేదా ఆల్ పర్పస్ ఫ్లోర్ (మైదా), 7 గ్రాముల ఇన్‌స్టంట్ ఈస్ట్, 50 గ్రాముల పంచదార, ఒక టీస్పూను ఉప్పు, గోరువెచ్చని పాలు 180 మిల్లీలీటర్లు, రెండు గుడ్లు, మెత్తబడిన వెన్న 55 గ్రాములు కావాలి. వెన్న తప్ప మిగిలినవన్నీ కలిపి ముద్ద చేసి, ఆ తరువాత వెన్నను కొద్దికొద్దిగా చేర్చుతూ, పిండి నునుపుగా సాగేదాకా మర్దించాలి. చేత్తో అయితే పావుగంట పడుతుంది. పిండి కొంచెం అంటుకుంటూ ఉన్నా పొడి పిండి అదనంగా చల్లవద్దు, బిగువైన పిండితో చేసిన ఫ్రిటర్ రెండు గంటలకే ఎండిపోతుంది. దాల్చినచెక్క పొడిని మాత్రం ఈ దశలో వేయకండి. అందులోని సిన్నమాల్డిహైడ్ అనే పదార్థం ఈస్ట్ పనిని మందగింపజేస్తుంది. పిండి రెట్టింపు అయ్యేదాకా గంట, గంటన్నర ఉంచవచ్చు. నేనైతే మూత పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచడాన్నే ఇష్టపడతాను, ఎందుకంటే చల్లటి పిండి తరగడానికి అనువుగా ఉంటుంది, రుచి కూడా పెరుగుతుంది.

ఇప్పుడు తరిగే పని. బల్ల మీద పిండి చల్లి, ముద్దను సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, 25 సెంటీమీటర్ల వెడల్పు వచ్చేలా అప్పడాల కర్రతో ఒత్తండి. దాని సగభాగం మీద చల్లారిన ఆపిల్ ముక్కలు పరిచి, ఒక టేబుల్ స్పూను దాల్చినచెక్క పొడి, రెండు టేబుల్ స్పూన్ల మైదా చల్లి, రెండో సగాన్ని దాని మీదికి మడవండి. వెడల్పాటి బెంచ్ స్క్రేపర్‌తో (పిండి కోసే రేకుతో) గానీ, పెద్ద కత్తితో గానీ ఈ మడతను ఒక వైపు ఏటవాలుగా వేలెడు దూరంలో గాట్లు పెడుతూ అడుగుదాకా కోసి, తిరిగి అడ్డంగా అదే విధంగా కోయాలి. ఈ సమయంలో బల్ల మీద అంతా చిందరవందరగా ఉంటుంది, ఆపిల్ ముక్కలు బయటికి దొర్లుతాయి, పని చెడిపోయిందనిపిస్తుంది. కంగారు పడకండి, అది అలాగే ఉండాలి. రెండు చేతులతో అంతటినీ దగ్గరకు తోసి, లావుపాటి చుట్టగా కూర్చి, పది భాగాలు చేయండి. ఒక్కొక్క భాగాన్ని బేకింగ్ కాగితం ముక్క మీద ఉంచి, వేళ్లతో అదిమి, ఒకటిన్నర సెంటీమీటర్ల మందానికి పరచండి. గుండ్రటి ఉండలుగా వదిలేస్తే మధ్య భాగం ఉడకడానికి పట్టే సమయంలో పైభాగం మాడిపోతుంది. మధ్యలో వేలితో చిన్న గుంట కూడా చేయండి. గుడ్డ కప్పి 30 నుంచి 45 నిమిషాలు ఉంచితే ఉబ్బుతాయి. ఫ్రిజ్‌లోని పిండి అయితే గంట పట్టవచ్చు.

నూనె విషయానికి వస్తే, కాయిల్ పొయ్యికి బరువైన పోత ఇనుప పాత్ర తప్ప మరో మార్గం లేదు. పలుచని మూకుడు అయితే ఫ్రిటర్ వేయగానే వేడి పడిపోతుంది, కాయిల్ తిరిగి ఎర్రబడేసరికి అవసరానికి మించి ఎక్కుతుంది. రెండంగుళాల లోతు నూనె పోసి, క్లిప్ థర్మామీటరు తగిలించి, 180 డిగ్రీల సెల్సియస్ దగ్గర, అంటే 355 నుంచి 360 ఫారెన్‌హీట్ మధ్య ఉంచండి. రెండింటికి మించి ఒకేసారి వేయకండి. కాగితంతో సహా నూనెలోకి జారవిడిస్తే ఆకారం చెడదు, కొద్ది క్షణాలకే కాగితం ఊడి వస్తుంది, దానిని పటకారుతో తీసివేయవచ్చు. ఒక్కో వైపు రెండు నిమిషాలు, ముదురు తేనె రంగు వచ్చేదాకా వేగాలి. లేత బంగారు రంగుకే తీసేస్తే అంచులు కరకరలాడవు. వేగిందా లేదా అని అనుమానం ఉంటే మధ్యలో థర్మామీటరు గుచ్చి చూడండి. 90 డిగ్రీల సెల్సియస్ దాటితే లోపల ఉడికినట్టే.

గ్లేజ్‌కు 250 గ్రాముల పొడి పంచదారలో నాలుగు టేబుల్ స్పూన్ల పాలు, చిటికెడు ఉప్పు, కొద్దిగా వెనిలా కలిపితే చాలు. అయితే మీకు సైడర్ దొరికే ఊరు కనుక, రెండు కప్పుల తాజా సైడర్‌ను అర కప్పు అయ్యేదాకా మరగబెట్టి, చల్లార్చి, అందులో నాలుగు టేబుల్ స్పూన్లు పాలకు బదులుగా వాడండి. పులుపు తగిలి గ్లేజ్ మొహం మొత్తకుండా ఉంటుంది. ఫ్రిటర్‌ను జల్లెడ మీద రెండు మూడు నిమిషాలు ఉంచి, ఇంకా వేడిగా ఉండగానే గ్లేజ్‌లో రెండు వైపులా ముంచి తీయాలి. చల్లారాక ముంచితే గ్లేజ్ మందపాటి తెల్లని పొరగా పేరుకుంటుంది, వేడిగా ముంచితే పలుచగా, పారదర్శకంగా ఆరుతుంది.


జవాబు 2: తొందర వంట

అట్లకాడ గారి పద్ధతి గురించి నాకు ఏ అభ్యంతరమూ లేదు, కానీ బేకింగ్ పౌడరు ఫ్రిటర్‌ను అంత తేలికగా పక్కన పెట్టవలసిన పని లేదు. ఉద్యోగం చేసి సాయంత్రం ఇంటికి వచ్చినవారికి ఈస్ట్ పొంగేదాకా ఆగే వ్యవధి ఉండదు. పైగా ఇది ఈస్ట్ ఫ్రిటర్‌కు నకలు కాదు, దాని రుచి దానిదే. అడిగిన తరహా ఇది కాకపోయినా, మీరు చెప్పిన పొడిపొడితనానికీ మెత్తబడడానికీ విరుగుడు ఉంది కనుక రాస్తున్నాను.

చాలా వంటకాలలో పిండి ఎక్కువ, ఆపిల్ తక్కువ ఉంటాయి. నా లెక్కలో 150 గ్రాముల మైదాకు 300 గ్రాముల ఆపిల్ ముక్కలు పడాలి, అప్పుడు పిండి ఆపిల్ ముక్కలను పట్టి ఉంచే పూత మాత్రమే అవుతుంది. రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడరు, మూడు టేబుల్ స్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, ఒక టీస్పూను దాల్చినచెక్క పొడి, కొద్దిగా తురిమిన జాజికాయ మైదాలో కలిపి పెట్టుకోండి. ఒక గుడ్డు, 90 మిల్లీలీటర్ల పాలు, ఒక టేబుల్ స్పూను కరిగించిన వెన్న విడిగా గిలకొట్టండి. ఆపిల్‌ను బఠానీ గింజంత ముక్కలుగా కోసి, గుడ్డతో తడి అద్ది, ఒక చెంచా పొడి మైదాలో దొర్లించి సిద్ధంగా ఉంచుకోండి. నూనె కాగిన తరువాతే తడి, పొడి పదార్థాలను కలపాలి, కలిపేటప్పుడు పది పన్నెండు సార్లకు మించి తిప్పకూడదు. ఎక్కువ తిప్పితే పిండిలో జిగురు తేలి, ఫ్రిటర్ గట్టిపడుతుంది. గరిటెతో తీసి వదిలితే జారకుండా ముద్దగా పడాలి. ఆపిల్ ముక్కలు అన్నిటికన్నా చివర కలపాలి, కలిపాక గిన్నెను పది నిమిషాలకు మించి ఉంచకూడదు. ఉంచిన కొద్దీ నీరు ఊరి, మొదటి వాయికీ ఆఖరి వాయికీ పోలికే ఉండదు.

దీనికి నూనె 175 డిగ్రీలు చాలు. పెద్ద చెంచాడు పిండిని వదిలి, వెంటనే చెంచా వెనుక భాగంతో కొంచెం అదమాలి. ఒక్కో వైపు రెండున్నర నిమిషాలు వేగాలి. థర్మామీటరు లేనివారు చిన్న పిండి చుక్కను వేసి చూడవచ్చు. అది అడుగుకు వెళ్లి రెండు మూడు క్షణాలలో చుట్టూ నురగతో పైకి వస్తే సరైన వేడి, పడగానే పైనే తేలి రంగు మారితే ఎక్కువ. అంచులు మెత్తబడకుండా ఉండాలంటే వీటికి గ్లేజ్ మానేసి, దాల్చినచెక్క కలిపిన పంచదారలో దొర్లించండి. వేయించినవాటిని కాగితం మీద పోగు వేయకుండా జల్లెడ మీద విడివిడిగా ఉంచండి. ఒకదాని మీద ఒకటి వేస్తే ఆవిరి బయటికి పోయే దారి లేక, కరకరలాడే అంచు అక్కడే తడిసిపోతుంది.


పోపులపెట్టె (మిషిగన్)

ఇద్దరికీ ధన్యవాదాలు. తరగడం గురించి నేను చూసిన ఏ వంటకంలోనూ ఇంత వివరంగా లేదు. మరో రెండు సందేహాలు. మా అత్తగారు వచ్చే వారం వస్తున్నారు, ఆవిడ గుడ్డు తినరు. ఈస్ట్ పద్ధతిలో గుడ్డు మానేస్తే పిండి ఎలా మార్చుకోవాలి? అలాగే ఎయిర్ ఫ్రయర్‌లో చేయడం సాధ్యమేనా?


జవాబు 3: వెన్నముద్ద

గుడ్డు లేకుండా నిశ్చింతగా చేయవచ్చు. ఈస్ట్ పిండిలో గుడ్డు చేసే పనులు మూడు: తడినివ్వడం, రంగునివ్వడం, లోపలి భాగాన్ని మెత్తగా నిలపడం. అట్లకాడ గారి కొలతల్లోని రెండు గుడ్లకు బదులుగా 75 మిల్లీలీటర్ల పాలు అదనంగా పోయండి, వెన్న మరో 15 గ్రాములు పెంచండి, రెండు టేబుల్ స్పూన్ల పాలపొడి కలపండి. పాలపొడి వల్ల రంగు బాగా తిరుగుతుంది, మెత్తదనం కూడా నిలుస్తుంది. పాలన్నీ ఒకేసారి పోయకుండా ఆఖరి రెండు చెంచాలు ఆపి, పిండిని చూసి పోయండి, మైదా రకాన్ని బట్టి అది పీల్చుకునే తడి మారుతుంది. తొందర వంట గారి పద్ధతిలో అయితే ఒక గుడ్డుకు బదులు పావు కప్పు చిక్కటి పెరుగు, పావు టీస్పూను వంట సోడా వేసి, బేకింగ్ పౌడరు అర టీస్పూను తగ్గించండి. పెరుగులోని పులుపుతో సోడా వెంటనే పొంగుతుంది కనుక కలిపిన తరువాత ఆలస్యం చేయకూడదు.

ఎయిర్ ఫ్రయర్ మాట. జారు పిండితో అసలు కుదరదు, ఫ్రిటర్ ఆకారం కట్టేలోగా పిండి బుట్ట కన్నాలలోంచి కారిపోతుంది. ఈస్ట్ పిండితో చేసినవి నిలుస్తాయి. రెండు వైపులా కరిగిన వెన్న పూసి, 175 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పి వేడి చేస్తే తినడానికి బాగానే ఉంటాయి. అయితే అవి ఆపిల్ వేసిన తీపి బన్నులే. సందులలోకి నూనె చేరితే వచ్చే కరకరలాడే అంచు వేడి గాలితో రాదు. అత్తగారికి మొదటిసారి పెడుతున్నప్పుడు నూనెలో వేయించడమే మేలని నా సలహా.

హైదరాబాదులో ఉన్నవారికి ఒక మాట కూడా ఇక్కడే చెబుతాను. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా మార్కెట్లోకి వచ్చే సిమ్లా, కాశ్మీరు కాయలలో ఎక్కువ భాగం ఎర్ర డెలిషియస్ జాతివే. అవి తీపి కాయలు, ఉడికితే పిండిపిండిగా అవుతాయి. వాటితో చేయాలంటే ముక్కలు కొంచెం పెద్దవిగా కోసి, నిమ్మరసం రెట్టింపు వేసి, ఉడికించే సమయం తగ్గించాలి. సూపర్ మార్కెట్లలో గ్రీన్ ఆపిల్ పేరుతో అమ్మే గ్రానీ స్మిత్ ఖరీదు ఎక్కువైనా ఈ వంటకు సరైనది అదే.


జవాబు 4: నెక్కార్ తీరం (స్టుట్‌గార్ట్)

అమెరికా పద్ధతులు రెండూ వచ్చాయి కనుక, మేముండే జర్మనీలోని ష్వాబియా ప్రాంతపు పద్ధతి కూడా చెబుతాను. ఇక్కడ ఆపిల్‌ను ముక్కలుగా కోయరు. చెక్కు తీసి, మధ్యలోని గింజల భాగాన్ని గొట్టం లాంటి పనిముట్టుతో తొలిచి, సెంటీమీటరు మందాన చక్రాలుగా కోసి, పిండిలో ముంచి, అరటికాయ బజ్జీ వేసినట్టే వేస్తారు. ఆప్‌ఫెల్‌క్యూష్లె అని పిలిచే వీటిని దాల్చినచెక్క కలిపిన పంచదార చల్లి, పక్కన వెనిలా సాస్‌తో వడ్డిస్తారు. మన ఇళ్లలో ఈ వేయింపు అందరి చేతికీ అలవాటైనదే కనుక, మొదటిసారి చేసేవారికి ఇదే సులువని నాకు అనిపిస్తుంది.

పిండికి 150 గ్రాముల మైదా, 150 మిల్లీలీటర్ల పాలు, రెండు గుడ్ల పచ్చసొనలు, ఒక చెంచా పంచదార, చిటికెడు ఉప్పు కలిపి అరగంట నాననివ్వాలి. వేయించే ముందు రెండు తెల్లసొనలను నురగ నిలిచేదాకా గిలకొట్టి, గరిటెతో కింది నుంచి పైకి తెస్తూ నెమ్మదిగా కలపాలి. ఆ నురగలోని గాలే పూతను గుల్లగా చేస్తుంది కనుక బేకింగ్ పౌడరు అవసరం లేదు. కొందరు పాలకు బదులు బీరు పోస్తారు, అందులోని బుడగలు కూడా ఇలాగే పనిచేస్తాయి. చక్రాలకు నిమ్మరసం రాసి, గుడ్డతో తడి అద్ది, పొడి మైదాలో పొర్లించి ముంచడం మాత్రం మరచిపోకూడదు. తడి చక్రాన్ని నేరుగా ముంచితే వేగేటప్పుడు పూత తొడుగులాగా ఊడిపోతుంది, ఆపిల్ నీరు నూనెలో పడి చిటపటలాడుతుంది. నూనె 170 డిగ్రీల దగ్గర ఉంచి, ఒక్కో వైపు రెండు నిమిషాలు వేయిస్తే పైన పూత గుల్లవిచ్చి, లోపల ఆపిల్ మెత్తబడి, పంటి కింద కొంచెం బిగువు మిగులుతుంది. ఇక్కడివారు దీనికి ఎంచుకునేది బోస్కోప్ అనే పుల్లటి రకం. నెదర్లాండ్స్‌లోని బోస్కోప్ ఊళ్లో 1856లో బయటపడిన కాయ అది. ఆ దేశంలో డిసెంబరు 31 రాత్రి ఓలీబోలెన్ అనే వేయించిన పిండి ఉండలతో పాటు ఆపిల్ చక్రాల ఫ్రిటర్లు కూడా తింటారు.

ఈస్టా, జారు పిండా అనే చర్చ చదివినప్పుడు ఒక విషయం గుర్తుకు వచ్చింది. ఇంగ్లండు రాజు రెండవ రిచర్డు వంటవారు 1390 ప్రాంతంలో కూర్చిన వంటకాల రాతప్రతిలో ఆపిల్ ఫ్రిటర్లు ఉన్నాయి. వాటికి చెప్పిన పిండిలో మైదా, గుడ్లతో పాటు ఏల్ అనే బీరు, ఈస్ట్, కుంకుమపువ్వు, ఉప్పు కలుపుతారు, వడ్డించేటప్పుడు బాదం పాలు పోస్తారు. అంటే ఆ కాలంలోనే జారు పిండిని ఈస్ట్‌తో పొంగించేవారన్న మాట. బాదం పాలు, కుంకుమపువ్వు మన వంటింటికి కొత్తవి కావు, ఎవరైనా ప్రయత్నిస్తే ఎలా వచ్చిందో రాయండి.


జవాబు 5: ఎత్తుపల్లాలు (డెన్వర్)

ఎత్తైన ఊళ్లలో ఉన్నవారికి పైన చెప్పిన వేడి లెక్కలు యథాతథంగా పనికిరావు. డెన్వర్ సముద్రమట్టానికి 5,280 అడుగుల ఎత్తున ఉంది, ఇక్కడ నీరు 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. పిండిలోని తడి తక్కువ వేడికే ఆవిరైపోతుంది కనుక లోపల ఉడికేసరికి పైభాగం నల్లబడుతుంది. ప్రతి 1,000 అడుగులకు నూనె వేడిని మూడు డిగ్రీల ఫారెన్‌హీట్ చొప్పున తగ్గించాలని కొలరాడోలో చెప్పే లెక్క. ఆ ప్రకారం 360కి బదులు 345 దగ్గర వేయించి, సమయం ఒక్కో వైపు అర నిమిషం పెంచుకుంటే సరిపోతుంది. ఈస్ట్ పిండి కూడా ఇక్కడ త్వరగా పొంగుతుంది, గడియారాన్ని కాక పిండిని చూసి ఆపాలి. లోపలి వేడి 90 డిగ్రీలు దాటాలన్న అట్లకాడ గారి కొలత కూడా మాకు మరుగు స్థానానికి మరీ దగ్గర, 87 లేదా 88 వచ్చేసరికి తీసేయవచ్చు.


పోపులపెట్టె (మిషిగన్)

అత్తగారు వచ్చే రోజున గుడ్డు లేని ఈస్ట్ ఫ్రిటర్లే చేస్తాను. ముందు రోజు సాయంత్రమే చేసి పెట్టుకుంటే మర్నాటికి బాగుంటాయా, లేక ఏ దశ దాకా ముందుగా చేసుకోవచ్చు? వాడిన నూనెను మళ్లీ వాడుకోవచ్చా?


జవాబు 6: అట్లకాడ

వేయించి, గ్లేజ్ పట్టించినవి ఆ పూటే తినాలి. మర్నాటికి గ్లేజ్ చెమ్మగిల్లి జారిపోతుంది, లోపలి ఆపిల్ తడి పిండిలోకి దిగుతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా త్వరగా గట్టిపడతాయి, ఆ చలికి పిండిలోని గంజి పదార్థం బిగుసుకుపోవడమే దీనికి కారణం. ముందు రోజు రాత్రి ఆపిల్ ఉడికించి డబ్బాలో, పిండి కలిపి గిన్నెలో, రెండింటినీ ఫ్రిజ్‌లో ఉంచండి. ఉదయం తరిగి, పరిచి, గుడ్డ కప్పి వదిలితే, గంట తరువాత వేయించడానికి సిద్ధంగా ఉంటాయి. ఎక్కువగా చేసి దాచాలనుకుంటే గ్లేజ్ లేకుండా వేయించి, చల్లార్చి, గాలి చొరని సంచిలో ఫ్రీజర్‌లో నెల దాకా ఉంచవచ్చు. తినే రోజున బయట కరగనిచ్చి, 175 డిగ్రీల ఓవెన్‌లో ఆరేడు నిమిషాలు వేడి చేసి, అప్పుడు గ్లేజ్‌లో ముంచితే అంచులు తిరిగి కరకరలాడుతాయి. మైక్రోవేవ్ మాత్రం వద్దు.

నూనె చల్లారాక పలుచని గుడ్డలో వడకట్టి, మూత ఉన్న సీసాలో పోసి, వెలుతురు తగలని చోట పెట్టండి. అడుగున చేరిన పంచదార, ఆపిల్ నలకలు మళ్లీ వేడి చేస్తే మాడి చేదెక్కుతాయి, వడకట్టడం తప్పనిసరి అనేది అందుకే. ఇంకో రెండు మూడు సార్లు తీపి వంటకాలకు వాడుకోవచ్చు. దాల్చినచెక్క వాసన పట్టి ఉంటుంది కనుక కూరలకు, గారెలకు వాడకండి. రంగు ముదిరినా, కాగేటప్పుడు నురగ వచ్చినా పారవేయండి. వేరుశనగ నూనె అయినా, కనోలా అయినా ఇదే లెక్క. దుకాణాలలో చాలామంది గట్టిగా పేరుకునే షార్టెనింగ్ (వనస్పతి లాంటి కొవ్వు) వాడతారు, అది చల్లారాక మళ్లీ గడ్డకడుతుంది కనుక వారి ఫ్రిటర్లు చేతికి నూనె అంటకుండా ఉంటాయి. ఇంట్లో నూనెతో చేసినవి కొంచెం అంటుతాయి, అది లోపమని అనుకోకండి. మీ అత్తగారికి ఏ ఆపిల్ నచ్చిందో, పిండికి పాలు ఎంత పట్టాయో వీలు చూసుకుని ఇక్కడ రాయండి, గుడ్డు లేని కొలతల కోసం అడిగేవారు ఇంకా చాలామంది ఉన్నారు.